పొగ చచ్చిన బొగ్గు

మా ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉంది. అయినా చలికాలం వస్తే నేను బొగ్గే వెలిగించేదాన్ని. ఈ సంగతి మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే జరిగింది విన్నవాళ్ళందరూ ముందు అడిగేది ఇదే: గ్యాస్ ఉండగా బొగ్గెందుకు? పెళ్ళయి గోదావరిఖని వచ్చిన నాటి నుంచి నాకు తెలిసిన నిప్పు బొగ్గే. అప్పట్లో కంపెనీ క్వార్టర్ల ముందు ఎవరి వాకిట్లో వాళ్ళు బొగ్గు కుప్ప పోసి అంటించేవాళ్ళం. వీధంతా పొగ, ఎదురుగా వచ్చే మనిషి కనపడేవాడు కాదు. కుప్ప కాలి కాలి పొగ ఆగిపోయాక, ఎర్రగా మిగిలినదాన్ని లోపలికి తెచ్చుకుని వండుకునేవాళ్ళం. మా అత్త నాకు నేర్పిన మొదటి పని అదే.

"పచ్చి బొగ్గు ఇంట్లకు తేకు బిడ్డా. బయటనే కాలనియ్యి. పొగ సచ్చినంక తీసుకరా. మనిషిని సంపేది పొగనే."

ఆమెకు వాళ్ళ అత్త చెప్పింది. ఈ మాటను అనుమానించిన ఆడది మా వీధిలో ఒక్కతి కూడా లేదు.

నా కొడుకు బాయి దిగుతాడు. గనిని మేం బాయి అనే అంటాం. ఫస్టు షిఫ్టు అయితే తెల్లారకముందే పోతాడు. కోడలు గని ఆఫీసులో పని చేస్తుంది. వాళ్ళ నాయినకు ఒంట్లో బాగాలేక పని మానేస్తే ఆ ఉద్యోగం ఆమెకు వచ్చింది. ఎనిమిది దాటితే స్కూటీ తీస్తుంది. మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. అందుకని పగలంతా ఇంట్లో మిగిలేది నేనూ, ఆ ఇద్దరూ.

ఆ ఇద్దరూ కవలలు, ఇద్దరూ ఆడపిల్లలే, రెండేళ్ళు నిండబోతున్నాయి. ముందు పుట్టినదాన్ని పెద్దది అంటాం, వెనకాలే వచ్చినదాన్ని చిన్నది అంటాం. పుట్టినప్పుడు ఇద్దర్నీ కలిపి ఒక చేటలో పడుకోబెడితే ఇంకా జాగా మిగిలేది. దవాఖానలో అద్దాల పెట్టెలో పెట్టారు. నేను అద్దానికి ముక్కు ఆనించి చూసేదాన్ని. పొట్టలు కదులుతున్నాయా లేదా అని తప్ప ఇంకేమీ చూసేదాన్ని కాదు. ఆ భయం నాలోంచి పూర్తిగా పోయింది ఎప్పుడూ లేదు. పోయిందనుకున్నాను, అంతే.

ఇద్దర్ని పెంచడం అంటే ఒకర్ని రెండుసార్లు పెంచడం కాదు. పెద్దదానికి ముద్ద పెడితే చిన్నది నోరు తెరవదు, పెద్దదాని నోట్లో ముద్దే కావాలంటుంది. ఒకదానికి లాగు తొడిగేలోపు ఇంకొకటి విప్పేసుకుంటుంది. అన్నిటికంటే పెద్ద గోస నిద్ర. ఒకటి పడుకుంటే ఒకటి లేస్తుంది. మా పక్క క్వార్టర్‌లో ఒక అక్క ఉంటుంది, దవాఖానలో ఆయాగా చేసి రిటైర్ అయింది, నాకంటే పెద్దది. వచ్చినప్పుడల్లా నవ్వేది.

"ఒకతిది ఫస్టు షిఫ్టు, ఒకతిది సెకండ్ షిఫ్టు. నీకు మాత్రం మూడు షిఫ్టులూ డ్యూటీనే చెల్లె! ఓటీ అడగరాదే నీ కోడల్ని?"

"ఓటీ ఎందుకక్కా, గింత కన్ను మూతపడనిస్తే చాలు" అనేదాన్ని.

డిసెంబర్‌లో ఒక పొద్దున సంగతి ఇది. మా దగ్గర ఎండాకాలం రోడ్డు మీద కాలు పెట్టలేం, అందుకని చలి ఉండదనుకుంటారు బయటివాళ్ళు. ఉంటుంది. ఆ వారమంతా గోదావరి మీది నుంచి మంచు దిగుతూ ఉంది. చిన్నదానికి దగ్గు. రాత్రంతా అది దగ్గుతుంటే పెద్దది దాని మీద కోపంతో ఏడ్చింది. కొడుకు నిద్ర లేని ఎర్రటి కళ్ళతోనే డ్యూటీకి పోయాడు. కోడలు పోతూ పోతూ గుమ్మంలో ఆగింది.

"అత్తమ్మా, ఇయ్యాల తానం పొయ్యకు. తుడిస్తె చాలు."

"దగ్గుకు వేడి నీళ్ళ కంటె మందేముంటదే? నువ్వు పో, ఆలిశమైతుంది."

ఆమె పోయింది. నేను వాకిట్లో బొగ్గు అంటించి, పొగ పూర్తిగా చచ్చేదాకా ఆగాను. కొంచెం కూడా తొందరపడలేదు. ఒక్క పోగు పొగ కూడా లేదని వంగి మరీ చూసుకున్నాను. కుంపటిలోకి ఎత్తుకుని తెచ్చి గదిలో పెట్టాను. ఇద్దరికీ నూనె రాసి, నలుగు పెట్టి, వేడివేడిగా పోశాను. ఈ పని అయ్యేసరికి నా చీర మొత్తం తడిసిపోతుంది, అది వేరే సంగతి. తుడిచి, స్వెట్టర్లు వేసి, తలలకు కుల్లాలు కట్టి, కుంపటికి ఇవతల బొంత మీద కూర్చోబెట్టాను. తలుపు గొళ్ళెం పెట్టాను. ఓపెన్‌కాస్ట్ గని దుమ్ము రాకుండా కిటికీ సందుల్లో గుడ్డలు ఎప్పుడో కుక్కేసి ఉన్నాయి. తలుపు కింద నుంచి గాలి కొడుతుంటే అక్కడ కూడా గోనెసంచి మడిచి పెట్టాను.

గది వెచ్చబడింది. చిన్నది దగ్గు ఆపింది. కాసేపు ఇద్దరూ ఒక డబ్బా మూత కోసం గుంజుకున్నారు. తర్వాత చిన్నది పక్కకు ఒరిగింది. నేను చూస్తుండగానే పెద్దది కూడా దాని మీద తల పెట్టి పడుకుంది. ఇద్దరూ ఒకేసారి. బుగ్గలు ఎర్రగా, నున్నగా ఉన్నాయి. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. చప్పుడు చేస్తే లేస్తారేమోనని గిన్నె కూడా కదపలేదు. గోడకు ఆనుకుని కూర్చున్నాను.

తల బరువుగా ఉంది. రాత్రి నిద్ర లేదు కదా అనుకున్నాను. కడుపులో తిప్పింది. పొద్దున టీ తాగలేదు కదా అనుకున్నాను. మనిషికి కారణాలు ఎప్పుడూ చేతికందే దూరంలోనే ఉంటాయి.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. తలుపు కొట్టిన చప్పుడైంది.

"ఓ చెల్లె! తలుపు తియ్యి. కేకు తెచ్చిన. మీ పిలగాండ్లు తినేటట్టు మెత్తగ చేసిన."

పక్కింటి అక్క. క్రిస్మస్ నెల కదా, ప్రతి ఏడూ ముందుగా మా ఇంటికే తెస్తుంది. ఏం చప్పుడే, పిల్లలు లేస్తారు అని ఆమెను కసరాలనుకున్నాను. నోరు తిరగలేదు. లేవబోయాను, మోకాళ్ళు నావి కానట్టు మడతపడ్డాయి. బొంత పక్కనే పడ్డాను. నా చెయ్యి పెద్దదాని కాలి మీద పడింది. అంత బరువు పడితే లేచి ఏడవాలి. కదలలేదు. చిన్నదాని కుల్లా పట్టుకుని గుంజాను. తల అటు వాలిపోయింది, మళ్ళీ ఇటు వాలిపోయింది.

నిద్రపోయే పిల్ల తల అట్లా వాలదు. అది నాకు తెలుసు. అరవాలని చూశాను, గురక లాంటి చప్పుడు వచ్చింది. ఇద్దరిలో ఎవర్ని పట్టుకుని పాకాలి? ఒకర్ని ఈడ్చుకుపోవడానికి కూడా బలం లేదు. ఇద్దర్నీ అక్కడే వదిలేసి, తలుపు వైపు పాకాను. ఆ గది ఎంత ఉంటుంది, రెండు మంచాలు వేస్తే నడవడానికి దారి ఉండదు. ఆ రోజు అది తరగలేదు. వెనక్కి చూస్తే ఆగిపోతానని చూడలేదు. తలుపు రెక్క పట్టుకుని పైకి లేచి గొళ్ళెం గుంజాను. అక్క తలుపు నెట్టింది, నేను వాకిట్లోకి పడ్డాను.

"ఓ యేసయ్యా! ఏమైందే? ఏంది గీ ఉడుకు? లోపట కుంపటి పెట్టినవా?"

"పిల్లలు" అన్నాను. అంతకంటే రాలేదు.

కేకు పళ్ళెం ఎక్కడ పడేసిందో, ఆమె లోపలికి పోయింది. డెబ్బై దాటిన మనిషి, చెరొక చంకన ఒకర్ని వేసుకుని బయటికి వచ్చింది. వాకిట్లో చల్లటి నేల మీద పడుకోబెట్టి వీధి అదిరేటట్టు అరిచింది.

"గ్యాసు పట్టింది! పిల్లలకు గ్యాసు పట్టింది! ఆటో! ఎవలన్న ఆటో పిలువుండ్రి!"

మా వీధిలో ఆ మాట వింటే వివరం ఎవరూ అడగరు. బాయిలో గ్యాసు పట్టినవాళ్ళ కథలు ప్రతి ఇంట్లో ఉన్నాయి. చేతిలో ఉన్నది ఉన్నట్టే వదిలి పరుగెత్తుకొచ్చారు. ఎవరో స్వెట్టర్లు విప్పారు, ఎవరో ముఖాల మీద నీళ్ళు చల్లారు. ఆటోలో అక్క ఒడిలో చిన్నది, నా ఒడిలో పెద్దది. ఆటో రెండు వైపులా తెరిచే ఉంది, గాలి కోసినట్టు కొడుతోంది. మలుపులో పెద్దది నా చీర మీద భళ్ళున కక్కి, కీచుమని ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే అక్క చెయ్యి పైకెత్తి దండం పెట్టింది. తర్వాత ఇద్దరం చిన్నదాని వైపు చూశాం. అది ఏడవలేదు.

దవాఖానలో ఇద్దరికీ ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. నాకు కూడా పెట్టబోతే వద్దన్నాను. నర్సు తిట్టి కూర్చోబెట్టి పెట్టింది. డాక్టరు చిన్న వయసు పిల్ల. బొగ్గుకు పొగ ఉందా అని అడిగింది.

"లేదమ్మా. పొగ సచ్చేదాక బయటనే ఉంచిన. ఒట్టు."

ఆ పిల్ల నా వైపు చూసి గొంతు తగ్గించింది. "పొగ కాదమ్మా చంపేది. కనపడని గాలి ఉంటది. వాసన ఉండదు. ఎర్రగ కాలే బొగ్గుల నుంచి వస్తనే ఉంటది. మూసిన గదిలో పెడితే అంతే."

అక్క ముందుకు వచ్చింది. "నేను మా పిల్లలందర్నీ కుంపటి కాడనే కాసిన బిడ్డా. మా అవ్వ నన్ను గట్లనే కాసింది" అంది.

ఇప్పుడున్నవి స్లాబు ఇళ్ళు, మా పాత ఇళ్ళు పెంకుటిళ్ళు. పడుకుంటే పెంకుల సందుల్లోంచి చుక్కలు కనపడేవి. ఆ సందులే మా పిల్లల్ని బతికించాయని ఆ బెంచీ మీద కూర్చుని తెలుసుకున్నాను. ఏం లాభం?

ఎదురుగా గోడ మీద "నిశ్శబ్దం పాటించండి" అని రాసి ఉంది. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. అప్పటి నుంచి ఎక్కడ ఏం రాసి ఉన్నా చదవకుండా ఉండలేను. ఆ ఒక్క మాటనే చదివాను, మళ్ళీ చదివాను. చిన్నది గట్టిగా అరిస్తే చాలు, దవాఖాన కూలిపోయినా ఫర్వాలేదు అనుకున్నాను.

కబురంది కోడలు వచ్చింది. చెప్పులు లేవు. నన్ను చూడలేదు, అక్కను చూడలేదు. నర్సును అడిగింది.

"ఏది లేచింది?"

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఏ తల్లీ అడగకూడని మాట.

"పెద్దది" అన్నాను నేను.

పెద్దది అమ్మను చూసి రెండు చేతులూ చాచి ఏడ్చింది. కోడలు దాని మంచం దాటుకుని చిన్నదాని దగ్గరికి పోయింది. దాని ముఖం మీద ముఖం పెట్టింది. వెనక పెద్దది గుక్కపెట్టి ఏడుస్తోంది. "అత్తమ్మా, దాన్ని నువ్వు పట్టుకో" అంది, తల తిప్పకుండానే. నా చేతులతో పట్టుకోవడానికి భయమేసింది. పట్టుకున్నాను.

కాసేపటికి కోడలు ఫోను తీసింది. "బాయి ఆఫీసుకు చేస్త. ఆయనకు కబురు పెట్టిస్త."

"పెట్టకు" అన్నాను.

"ఏంది?"

"పైకొచ్చినంక చెప్దాం. కింద ఉన్నోనికి ఇంటి కబురు పెట్టద్దు. ఆగమాగమై కాలు ఏడ పెడతడో, చెయ్యి ఏడ పెడతడో."

కోడలు అప్పుడు చూసింది నన్ను మొదటిసారి. "నా బిడ్డ గిట్ల పడి ఉంటె ఇంక నీ పద్ధతులేనా? నీ పద్ధతులే గద ఈడికి తెచ్చింది!"

ఆ మాటలో తప్పు లేదు. మా అమ్మ పోయిన రోజు మా ఆయన బాయిలో కింద ఉన్నాడు. షిఫ్టు దిగి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేదాకా నేను నోరు మెదపలేదు. మా దగ్గర అందరూ అంతే. కానీ బొగ్గు విషయంలో కూడా అందరూ అంతే. ఏ పద్ధతి కాపాడుతుందో, ఏది చంపుతుందో నాకు తెలియకుండా పోయింది. "నీ ఇష్టం బిడ్డా" అన్నాను.

ఆమె ఫోను పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఆమె కూడా బాయి పనివాడి బిడ్డే. చెయ్యలేదు. ఫోను బెంచీ మీద పడేసి మళ్ళీ మంచం దగ్గరికి పోయింది.

కరీంనగర్ పెద్ద దవాఖానకు పంపించడానికి అంబులెన్సు మాట్లాడుతున్నారు. అప్పుడు చిన్నదాని కాలి వేళ్ళు కదిలాయి. తర్వాత కళ్ళు తెరిచింది. కోడలు ఒక్కసారి కూలబడి ఏడ్చింది. అక్క పాట ఎత్తుకుంది, నర్సు వద్దన్నా ఆపలేదు. నేను మాత్రం చిన్నదాన్నే చూస్తున్నాను. అది ఏడవలేదు. అమ్మను చూసింది, పైకప్పును చూసింది, మమ్మల్ని చూసింది. మేమంతా దానికి ఒకటే అన్నట్టు చూసింది.

నా కొడుకు షిఫ్టు దిగి, స్నానం కూడా చేయకుండా వచ్చాడు. ముఖాన చెమట జారిన చోటల్లా చారలు. సంగతంతా విని గోడకు ఒరిగాడు.

"బాయిల అయితే మిషన్ పెట్టి చూస్తరు అవ్వా. గాలి బాగుంటెనే పోనిస్తరు. ఇంట్ల ఎవలు చూడాలె?"

నన్ను అన్నది కాదు అది. వాడు వాడినే అడుక్కున్నాడు. అయినా నాకు తగిలింది.

మర్నాడు ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చెప్పింది: పెద్దదానికి ఫికర్ లేదు. చిన్నదాన్ని కొన్ని వారాలు కనిపెట్టి చూడాలి. నడక ఎట్లా ఉంది, మాటలు పోయాయా ఉన్నాయా, మనుషుల్ని గుర్తుపడుతోందా. ఒక్కోసారి ఆ గాలి కొన్నాళ్ళు పోయాక కూడా దెబ్బ తీస్తుందట.

అసలు భయం అప్పుడు మొదలైంది. దవాఖానలో భయానికి ఒక మంచం ఉంది, చుట్టూ మనుషులున్నారు. ఇంట్లో అది పిల్లతోపాటు నడుస్తుంది. చిన్నది నాలుగు అడుగులు వేసి కూర్చుంటే, అలిసిందా, కాళ్ళు రావడం లేదా? చెంచా కింద పడేస్తే, ఆటా, వేళ్ళ పట్టు పోయిందా? కవలలతో ఇంకో గోస ఉంది: పక్కనే కొలత ఉంటుంది. పెద్దది పరుగెత్తుతుంది, మంచం ఎక్కుతుంది, "కాకి పోయే" అంటుంది. చిన్నది అంతకుముందు అమ్మ, పాలు, కుక్క, నామ్మ, అన్నీ అనేది. నామ్మ అంటే నేను. ఇప్పుడు ఒక్కటీ అనదు. వేలు చూపిస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది. నేను కుక్కను చూపించి "ఇదేంది బిడ్డా?" అని అడిగేదాన్ని. పాలు చూపించి అడిగేదాన్ని. రోజంతా అదే పని. కోడలు వినీ వినీ చెవులు మూసుకునేది.

పడుకుంటే లేపేదాన్ని. ఒకర్ని లేపితే రెండోది లేస్తుంది, ఇద్దరూ ఏడుస్తారు. ఆ ఏడుపు వింటే నాకు ప్రాణం కుదుటపడేది. "పండనియ్యి అత్తమ్మా, నీకు దండం పెడత" అని కోడలు గదమాయించేది. నా చెయ్యి ఆగేది కాదు.

కోడలి సెలవు అయిపోయింది. డ్యూటీకి పోయే ముందు రోజు చెప్పాను.

"నా మీద వదిలిపెట్టకు. మీ అమ్మను పిలిపించుకో. లేకుంటె మనిషిని పెట్టుకో. నాతోని కాదు. భయమైతుంది."

ఆమె బట్టలు మడుస్తోంది. మడత ఆపలేదు. "మా అమ్మకు భయం లేదు. ఆమె ఇంట్ల జరగలే గద. పనామెకు అసలే ఉండది. నువ్వు భయపడ్డవు. నేను నీ దగ్గర్నే పెడత."

క్షమించినట్టు అనలేదు. కోపం ఇంకా ఉంది గొంతులో. ఆ కోపంతోనే అంది.

పొద్దున ఆమె స్కూటీ తీసింది. పోతూ తలుపు రెక్కలు రెండూ తనే బార్లా తెరిచి, అటు ఇటు ఇటుకలు పెట్టింది. చలి లోపలికి వచ్చి కూర్చుంది. ఇద్దరి ముక్కులూ కారుతున్నాయి. నేను చిన్నదాన్ని ముందు కూర్చోబెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

"ఇదేంది బిడ్డా? పాలు. అను, పాలు."

చూసింది. అనలేదు.

"నేనెవల్ని? నామ్మ. అను."

చూసింది.

"అనరాదే, మా తల్లి కదా. ఒక్కపారి అను. నేనెవల్ని?"

గిన్నె ఎత్తి నా చేతిని తోసేసింది. పాలు ఒలికిపోయాయి. ముఖం చిట్లించుకుని, "పో నామ్మా!" అని అరిచింది. పెద్దది అది విని గంతులు వేస్తూ తనూ అందుకుంది. "పో నామ్మా! పో నామ్మా!" ఇద్దరూ కలిసి నన్ను నా ఇంట్లోంచి వెళ్ళగొట్టారు.

గోడ అవతల నుంచి అక్క అరిచింది. "ఏందే, ఏమైంది? ఎందుకేడుస్తున్నవు?"

"తిట్టిందక్కా" అన్నాను. "చిన్నది నన్ను తిట్టింది."

మధ్యాహ్నం పెద్దది ముందు పడుకుంది. కొద్దిసేపటికి చిన్నది దాని పక్కనే చేరింది, ఇద్దరికీ నిద్ర పట్టింది. నేను గుమ్మంలో, గాలి తగిలే చోట కూర్చున్నాను. ఇద్దరి పొట్టలూ లేస్తున్నాయి, దిగుతున్నాయి. నాకు కనపడుతూనే ఉంది. అయినా లేపడానికి చెయ్యి ముందుకు పోతోంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద నా బరువంతా వేసి కూర్చున్నాను.